పై వాటా సంగీతం

పై వాటా తలుపు సగం తెరుచుకుంది. కింది వాటా ఆవిడ చెంపకి చెయ్యి అడ్డం పెట్టుకుని గుమ్మం బయటే నిలబడింది.

“నీ సంగీతం వారంగా వినబడట్లేదేం తమ్ముడూ?”

“మీ ఆయనొచ్చి, చావింటిలా ఉంది, ఆపమన్నారక్కా. హెడ్‌ఫోన్లు పెట్టుకుని చేసుకుంటున్నా.”

“మళ్ళీ స్పీకర్లలో పెట్టు. గట్టిగా.”

“మీకు నచ్చిందా? పాత లిఫ్టు మూలుగుని సాగదీస్తే అలా ఏడుపులా వచ్చింది. నేనొక్కణ్ణే కూర్చుని చేశా. ఇంతవరకూ ఎవరూ బాగుందనలేదక్కా.”

“నేనూ అనను.”

“మరెందుకు?”

“మా లోపలి గదిలోంచి ఏడుపు వినబడినప్పుడల్లా, అది పైన మామయ్య పాటేనని పాపకి చెప్పుకొచ్చాను. నిన్న అడిగింది, ‘మామయ్య పాట ఆపేశాడుగా, మరి ఇప్పుడు ఏడ్చేదెవరమ్మా?’ అని.”