షర్షెన్ దగ్గరుండి తీయించిన ఫొటోలు

నరిన్ బజారులో ఐసల్కిన్ టీ కొట్టుకి షర్షెన్ వచ్చాడంటే పనున్నవాళ్లు లేచి వెళ్లిపోతారు, లేనివాళ్లు సర్దుకుని కూర్చుంటారు. ఐసల్కిన్ లేచి వెళ్లడానికి లేదు, కొట్టు ఆమెదే. గెంటడానికీ లేదు, వాడు పోయిన మొగుడికి పినతండ్రి కొడుకు.

వచ్చే వారం ఆమె కొడుకు తిలెక్ పెళ్లి. బిష్కెక్ నుంచి ఫొటోగ్రాఫర్ని మాట్లాడుకున్నారు. అతన్ని నడిపించే పెత్తనం తనకిమ్మని షర్షెన్ పట్టుబట్టాడు. కాదంటే మొగుడి వైపువాళ్లంతా మొహాలు మాడ్చుకుంటారు. అవునందామంటే అత్తగారు గుర్తొస్తోంది. కాళ్లు పడిపోయి కొండమీది గొర్రెల మకాంలో ఉన్న ఆ ముసలమ్మకి పెళ్లికి దిగి రావడం కుదరదు. తెర తీసి కొత్త కోడలి మొహం చూపించే ఘడియని ఆవిడ ఫొటోలోనే చూడాలి. ఆ తెర రెండోసారి వెయ్యరు, తియ్యరు.

"నీకెందుకు వదినా బెంగ? ఫొటోగ్రాఫర్లకి మిషనుంటుంది గానీ కళ్లుండవు. కళ్లు మనమే ఇవ్వాలి," అంటూ షర్షెన్ నూనెలో వేయించిన బోర్సోక్ రొట్టెముక్కని జామ్‌లో ముంచాడు. "సూసమీర్‌లో ఓ పెళ్లికి వెళ్లా. కుర్రాడెవడో ఎండకి ఎదురుగా నిలబడి తీస్తున్నాడు. 'నాయనా, ఎండ నీ వీపున పడాలిరా' అన్నా. అంతే. అంతకుమించి నేనేం చెయ్యలేదు."

ఇంతవరకూ నమ్మొచ్చు. వీడితో వచ్చిన చిక్కే అది, మొదటి మెట్టు ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాడు నా చేతులు పట్టేసుకుని, 'అన్నా, మీరు చెప్పండి, నేను నొక్కుతా' అన్నాడు. సరే కదాని పెళ్లివారిని గుట్టమీద నిలబెట్టా. వెనకాల గొర్రెల మంద, అన్నీ తోకలే చూపిస్తున్నాయి. ఒక్క ఈల వేశా! మంద మొత్తం ఇటు తిరిగింది. తిరగడమేనా, పొట్టివి ముందుకీ పొడుగువి వెనక్కీ వాటంతటవే సర్దుకున్నాయి."

"నవ్వాయా?" అన్నాడు కసాయి బోల్తుర్.

"నవ్వకేం? ఒకటి మాత్రం మూతి ముడుచుకుంది. ముందే తెలిసినట్టుంది పాపం, రాత్రి విందులో కనిపించింది. ఇంతలో మబ్బు కమ్మింది. కుర్రాడు ఏడుపు మొహం పెట్టాడు. గుర్రమెక్కి శిఖరం మీదికి పోయి, తాడు విసిరి, మబ్బు మెడకి ఉచ్చు బిగించి పక్కలోయలోకి ఈడ్చి పారేశా."

"మబ్బుకి మెడెక్కడ ఏడిసింది?" అన్నాడు డ్రైవర్ కుబాత్.

"కిందనుంచి చూసేవాడివి, నీకు పొట్టే కనిపిస్తుంది. ఆ లోయవాళ్లు నన్ను ఇప్పటికీ తిడుతున్నారు, ఆ ఏడు వాళ్ల ఎండుగడ్డి అంతా వానకి కుళ్లిందట. సరే, ఇంట్లోకొచ్చాం. గోడమీద పెళ్లికొడుకు తాత ఫొటో. పోయి చాలాకాలమైంది, పటంలో ఒకటే చిరాకు మొహం. 'తాతా, శుభమా అని పెళ్లి జరుగుతోంది, కాస్త నవ్వు' అన్నా. నవ్వాడు! అక్కడితో ఆగాడా? పటంలోంచి దిగొచ్చి వరసలో నిలబడ్డాడు. 'నన్ను వెనకెక్కడో నిలబెట్టావేంరా' అని నామీదే విసుక్కున్నాడు. ఎప్పుడు పోయినా పెద్దాయన పెద్దాయనే కదా, ముందుకి జరిపా. ఇక తెర తీసేవేళ నేనే లేకపోతే..."

మూల బల్ల దగ్గర, నమదాల, అదే ఉన్ని తివాచీల, మూట పక్కన టీ తాగుతున్న ఆడమనిషి తలెత్తింది. నమదాలమ్మే కల్బూబూ, సూసమీర్ నుంచి కొత్తగా వస్తోంది.

"అన్నా, ఆ పెళ్లికొడుకు పేరు అసకేయేనా?"

"అదిగో! సాక్షి కూడా దొరికింది!" షర్షెన్ తొడ చరిచాడు.

"ఆ పెళ్లికూతుర్ని నేనే."

కల్బూబూ చేతిలోని టీ పియాలా బల్లమీద పెట్టింది.

"మీరు నన్ను పోల్చుకోలేదు. మీ తప్పు కాదులెండి, తెర తీసేవేళ మీ వీపు నావైపుంది. నాకూ కెమెరాకీ మధ్య నిలబడి 'ఎడమకి జరుగు, కుడికి జరుగు' అని ఆ కుర్రాణ్ణి తిప్పుతూనే ఉన్నారు. ఫొటోలో తెరుంది, తీసిన చేతులున్నాయి, మధ్యలో ఇంత ఎత్తున మీ తెల్ల కల్పక్ టోపీ ఉంది. పెద్దమనిషిని టోపీ తియ్యమని ఎవరంటారు? మా అత్తగారికి చూపానదు. ఇప్పటికీ ఆ ఫొటో ఒళ్లో పెట్టుకుని వచ్చినవాళ్లందరికీ చూపిస్తుంది, 'చూశారా మా కోడలు ఎంత తెల్లగా, ఎంత పొడుగ్గా ఉందో' అని."

బోల్తుర్ టీ ముక్కులోకి పోయింది. కుబాత్ బల్లమీద పడి నవ్వుతున్నాడు. ఐసల్కిన్‌కి మాత్రం నవ్వు రాలేదు. కొండమీద ఒక టోపీని తడిమి మురిసిపోతున్న తన అత్తగారే కళ్లముందు మెదిలింది.

"అదేంటంటే వదినా, ఆ కుర్రాడు నా మాట సరిగ్గా వినలేదు..."

ఐసల్కిన్ కెటిల్ తీసుకుంది. ఆ ఊళ్లలో పియాలాలో టీ సగమే పోస్తే ఇంకాసేపు కూర్చోమని. షర్షెన్ పియాలాలో ఆమె అంచుదాకా, సాసరులోకి పొర్లేదాకా పోసింది.

"పెళ్లిరోజు నువ్వు పెరట్లో మాంసం డేగిసాల దగ్గరుండు మరిదీ," అంది. "ఎవరేమనుకున్నా సరే. తాగు, చల్లారిపోతుంది."