గఫూరన్న నడిచిన గెట్టు

ఏమడిగితివి ప్రణీతూ? చైనావోళ్ళకీ మనకీ సరిహద్దు గెట్టు తగువు యాడ మొదలాయె అనా? మీ బడిలో చెప్పలేదేమప్పా! ఇట్ల ఈ అవ్వ పక్కన కూకో. నాకు తెలిసిందంతా గఫూరన్న చెప్పిందే. అబ్దుల్ గఫూరు, మన పక్కచేనాయప్ప. నువ్వు పుట్టకముందే పోయినాడులే. మిలిట్రీలో లారీ తోలుతాండె. ఆ చైనా యుద్ధానికి లడాకు కొండలకి పొయ్యి, మంచులో ఎడమకాలి వేళ్ళు పోగొట్టుకోని కుంటుతా వచ్చినాడు. పెండ్లాం జుబేదాబీ ఆ కాలు చూసి ఏడిస్తే, "ఏడుస్తావేమే, మనిషి వచ్చినా కదా" అని ఆయమ్మనే కసిరినాడు. అట్లాంటోడు.

గవర్నమెంటోళ్ళు గఫూరన్నకి అయిదెకరాల మెట్ట ఇచ్చిరి. దాన్ని ఆనుకోనే సుంకప్ప చేను. పెద్దరైతు, ఊర్లో ఆయప్ప మాటే మాట. ఆ అయిదెకరాల మింద కన్ను పడె. ఉన్నట్టుండి గెట్టు రాళ్ళు మాయమాయె. ఎవురు పీకినారని నన్నడగొద్దు, నా నోరు మంచిది కాదు.

ఆ యేడు జెండా పండగనాడు బడికాడ గఫూరన్నను మాట్లాడమనిరి. "చైనావోడు మన గెట్టు ఎట్ల దాటినాడో చెప్పు గఫూరూ" అని సుంకప్ప. ఈయన లేచి ఉన్నదున్నట్లు చెప్పె. "తెల్లోళ్ళు ఒక పటంలో ఈపక్క గీసిరి, ఇంకో పటంలో ఆపక్క గీసిరి. ఆడ ఒక రాయన్నా నాటల్యా. వాళ్ళు పోతానే మనమొక గీత పట్టుకుంటిమి, చైనావోళ్ళు ఇంకో గీత. గడ్డి గూడా మొలవని చోటన్నా అది. ఆడ నా పక్కనోళ్ళు సచ్చిరి. నిలబడమంటే నిలబడితి, మళ్ళా రమ్మన్నా పోతా. గెట్టు ముందే తేలిపోయిండె అని మాత్రం నాతో అబద్ధం చెప్పియ్యొద్దండి."

"చైనావోడి పక్క మాట్లాడేటోడికి మన ఊర్లో భూమెందుకు?" అనె సుంకప్ప. అయిదెకరాలూ పాయె అనుకుంటిమి. గఫూరన్న తిన్నగా చేనికి పొయ్యి, కుండలో నీళ్ళు కుమ్మరించి, ఎర్రమన్ను పిడస చేసి నెత్తిన పెట్టుకునె. మన పక్క గెట్టు తగువొస్తే అంతే కదా! తడిమన్ను మోసుకోని, ఇది నాది అని నడవల్ల. నడిచిందే గెట్టు. అబద్ధం నడిస్తే వంశం నిలవదని భయం. "మీవోళ్ళలో ఈ ఆచారం లేదు కదప్పా" అని ఎవురో అంటే, "మావోళ్ళలో లేదు, మా ఊర్లో ఉండాది" అనె. అబ్బా, ఏం మాట! నేనప్పుడు కొత్తకోడల్ని, అయినా ఊరుకోల్యా. "ఏమప్పా సుంకప్పా, నీదయితే నువ్వూ మన్నెత్తుకో!" అని అరిస్తి. మా అత్త జుట్టు పట్టి గుంజె. గుంజనీ. సుంకప్ప మాత్రం కదలల్యా.

కుంటుకుంటా నడిచినాడు, ముండ్లల్లో. తూర్పుపక్క రాళ్ళు పోయినకాడికి వచ్చి నిలబడె. "ఇంగా జరుగన్నా, ఆ రెండు సాళ్ళూ నీవే" అని మేమందరం. లోపలికి జరిగి నడిచె! "అవి ఎవురివో నాకు తెలీదు. తెలీనిచోట గీత గీస్తే ఏమయితాదో చూసొచ్చినా" అనె. ఆ రెండు సాళ్ళు తప్ప మిగిలిందంతా గఫూరన్నదే అయిపాయె.

అప్పుట్నుంచీ ఆ సాళ్ళలో ఈపక్కోళ్ళూ మడక పెట్టి దున్నల్యా, ఆపక్కోళ్ళూ పెట్టల్యా. మొన్న సుంకప్ప మనవడు దివాకరు ఆ సాళ్ళు దున్నేకి ట్రాక్టరు తెచ్చె. నేను పొయ్యి దాని ముందర కూకుంటి. "లెయ్యవ్వా, అది మాదే" అంటాడు. "నీదయితే దిగు నాయనా, మన్ను నేనే తడిపిస్తా" అంటి. వాడు దిగల్యా. నేను లెయ్యల్యా. పొద్దుగూకినంక తిప్పుకోని పాయె.

రేపు మళ్ళా వస్తాడంట. రానీ. ...ఆ శెనక్కాయలు ఇట్ల జరుపు, ఒలిచేది సానా ఉండాది.