బుల్లిరాజు మిషన్లో మా అమ్మ చప్పట్లు

ఆ స్టూలు ఇలా లాక్కుని కూర్చో అబ్బాయ్. చుట్ట పొగ పడకపోతే కాస్త గాలివాటం చూసుకో, నేను మాత్రం ఆర్పను. ఎనభై రెండేళ్ళొచ్చాక ఇంక ఎవరికి భయపడాలి చెప్పు. ఏంటీ, మీ తాత బుల్లిరాజు సంగతా? ఆ సంచిలోది ఆయన రిథమ్ మిషనేనా? అటక మీద దొరికిందా? ఉంచు, తర్వాత చూద్దాం. నువ్వు పుట్టకముందే పోయాడు పాపం. రావులపాలెంలో అరటి గెలలు కట్టే తాళ్ళూ గోనెసంచులూ అమ్మే కొట్టు మాది, పక్కనే ఇల్లు, ఎదురుగా మీ తాత రేడియో రిపేరు షాపు. షాపంటే షాపా, మూత తీసిన రేడియోలు పదుండేవి గానీ మూత వేసిన రేడియో ఒక్కటీ ఉండేది కాదు. పెళ్ళిళ్ళు వస్తే చాలు, తాళం పెట్టేసి ఆర్కెస్ట్రా పార్టీతో ఆత్రేయపురమనీ కడియమనీ తిరిగేవాడు. ఆత్రేయపురం వెళ్తే నాకు పూతరేకులు తెచ్చేవాడు, దారిలో సగం తినేసి. ఇదేంటయ్యా అంటే, "విరిగిపోయాయండి జోగేశ్వరరావుగారూ, విరిగినవి మీకు పెడితే ఏం మర్యాదండి" అనేవాడు. ఆ మర్యాదకి పడిపోయేవాణ్ణి నేను.

ఎక్కడున్నాను? ఆఁ, మిషను. ఎనభై ఆరు గోదావరి వరద ఉంది చూడు, దానికి రెండేళ్ళ ముందు, కాకినాడ రేవులో ఎవరో ఓడ మనిషి దగ్గర సంపాదించాడు. ఒక మీట నొక్కితే డోలు, ఒక మీట నొక్కితే తాళం, చివరి మీట నొక్కితే చప్పట్లు. ఊరంతా వచ్చి నొక్కి చూసిపోయారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా అమ్మకి పక్షవాతం వచ్చింది. మా అమ్మ అన్నపూర్ణమ్మ, నువ్వు విని ఉండవు. ప్రతి శుక్రవారం మా హాల్లో పన్నెండుమంది ఆడవాళ్ళతో భజన చేయించేది. గొంతేం బాగుండదు, కాకిగొంతు. కానీ ఆవిడ చప్పట్లే ఆ భజనకి పగ్గం. పెద్ద చేతులు, గిన్నెల్లా ముడిచి కొట్టేది. మమ్మల్ని పిలవాలన్నా అంతే, పేరు పెట్టి పిలిచేది కాదు, వాకిట్లో నిలబడి రెండు కొట్టేది. నాలుగిళ్ళ అవతలున్నా నేను చుట్ట పారేసి, నోరు కడుక్కుని ఎదురుగా నిలబడాలి. నలభై ఏళ్ళవాణ్ణి, ఇద్దరు పిల్లల తండ్రిని, అయినా అమ్మ ముందు చుట్ట కాల్చింది లేదు. అలాంటి మనిషికి ఎడం చెయ్యి పడిపోయింది. శుక్రవారం ఆడవాళ్ళు వస్తే, "ఒంటి చేత్తో చప్పట్లెలా మోగుతాయర్రా, పొండి" అని పంపించేసి గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం పెడితే రెండు మెతుకులు. డాక్టరుగారు నన్ను బయటికి పిలిచి, "మందు నేనిస్తానండి, బతకాలని ఆవిడకుండాలి కదండి" అన్నారు.

ఈ మాట మీ తాత దగ్గర అన్నాను. ఊరికే, మనసు బాగోక. మర్నాడు ఆయన మా ఇంటికొచ్చి అమ్మ మంచం పక్కన కూర్చుని, అరచెయ్యి చాపి, "అమ్మగారూ, మీ కుడిచేత్తో దీనిమీద ఒకటి కొట్టండి" అన్నాడు. "వీడికేం పొయ్యేకాలంరా" అంది మా అమ్మ. అని ఊరుకుందా, కొట్టింది. "గట్టిగా అమ్మగారూ." మళ్ళీ కొట్టింది. అలా నలభై కొట్టించుకుని, ఎర్రబడ్డ చెయ్యి ఊపుకుంటూ రోడ్డు దాటి షాపులోకి పోయి మిషను ముందు కూర్చున్నాడు. ఇదే పని నెలరోజులు. పిచ్చి ముదిరింది రోకలి తలకి చుట్టమన్నట్టుందే అనుకున్నాను. అడిగితే చెప్పాడు. "దీన్లో చప్పట్లు లేవండి. రేడియోలో స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య ఉస్సుమంటుంది చూడండి, అదే ఉంది. ఆ ఉస్సుని మూడు నాలుగు ముక్కలు కోసి వెంటవెంటనే వదిలితే మన చెవికి చప్పట్లు. ముక్కలు దూరం చేస్తే ఊరంతా కొట్టినట్టు, దగ్గర చేస్తే ఒక మనిషి కొట్టినట్టు. ఆ ఒక్క మనిషి అన్నపూర్ణమ్మగారు అవ్వాలండి, అదీ తంటా." తంటా అంటే తంటానే. ఒకరోజు తడిబట్ట బండకేసి కొట్టినట్టుండేది. ఇంకోరోజు మా కొట్లో బస్తాలు మోసే సామ్యేలు విని, "బాగుందండి, అచ్చం బస్తా దింపినట్టే ఉంది" అన్నాడు. మీ తాతకి కోపం వచ్చి వాడితో రెండు రోజులు మాట్లాడలేదు.

ఒకనాటి మధ్యాహ్నం, భోజనమయ్యాక, కొట్టు వెనక సంచుల చాటున చుట్ట ముట్టించాను. రెండు చప్పట్లు వినపడ్డాయి. అంతే, చుట్ట ఎటు విసిరానో తెలీదు, పంచె సర్దుకుని, నోరు తుడుచుకుంటూ ఇంట్లోకి పరిగెత్తాను. చూస్తే అమ్మ మంచం మీదే ఉంది, గోడవైపు తిరిగి. రోడ్డవతల షాపు గుమ్మంలో మీ తాత నిలబడి నావంకే చూస్తున్నాడు. నవ్వలేదు. "కుదిరిందాండి?" అన్నాడు. అరుగు మీద కూర్చుని ఏడ్చేశాను, నీ దగ్గర సిగ్గేముంది. ఆ చుట్ట పడి రెండు సంచులు కాలాయి కూడాను. వెంటనే మీ మామ్మ మీనాకుమారి దగ్గర గోళ్ళరంగు తీసుకొచ్చి, మోత మార్చే తిప్పుడు బొత్తాలు ఎక్కడెక్కడ ఆగాయో అక్కడల్లా మీ తాత ఎర్రచుక్క పెట్టాడు. ఆ చప్పుడు మళ్ళీ తప్పిపోకుండా.

ఆ శుక్రవారం భజన ఆడవాళ్ళని మళ్ళీ పిలిపించి, మిషను అమ్మ కుడిచేతి కింద పెట్టాడు. అమ్మ ఒకటి నొక్కింది. దానివంకా, తన ఎడంచేతివంకా చూసుకుంది. "ఎవరిదిరా ఇది?" "మీదేనండి." ఇంకో రెండు నొక్కి, "ఏమర్రా, అలా చూస్తారేం, అందుకోండి" అని ఆడవాళ్ళని కసిరింది. ఆ పూట ముద్దపప్పు అడిగి వేయించుకుని తింది మా అమ్మ. రెండేళ్ళు, అబ్బాయ్. ఆ రెండేళ్ళూ శుక్రవారం ముహూర్తమంటే ఎంత పెద్ద పెళ్ళైనా మీ తాత ఒప్పుకోలేదు. పార్టీవాళ్ళు తిట్టుకునేవారు. వరదొచ్చిన ఏడాది కార్తీకంలో అమ్మ పోయింది. పన్నెండో రోజు అయ్యాక మీ తాత దగ్గరికి వెళ్ళి, ఒక్కసారి వినిపించవయ్యా అన్నాను. "బొత్తాలన్నీ తిప్పేశానండి. చుక్కలు కూడా చెరిపేశాను. ఇంక రాదండి" అన్నాడు. ఎంత మండిందో. ఏడాది మాట్లాడలేదు. తర్వాత మాటలు కలిశాయిలే, కానీ అది మాత్రం కడుపులోనే ఉండిపోయింది. ఏమాటకామాటే, వినిపించి ఉంటే కొట్టు మూసేసి రోజూ దాని ముందే కూర్చునేవాణ్ణి. అది మీ తాతకి తెలుసు.

ఏంటీ? నల్లటేపా? బొత్తాల చుట్టూ కరెంటు టేపు అంటించి ఉందా? పీకితే కింద ఎర్రచుక్కలా? ఏదీ, ఇలా తే. కళ్ళజోడు... ఉన్నాయిరా. చెరపలేదు వాడు. చెరిపేశానని నా మొహం మీద అబద్ధం చెప్పి, టేపు వేసి దాచాడు. ప్లగ్గు ఆ గోడకుంది, పెట్టు. దీపం వెలిగిందే. తిప్పు, ఒక్కొక్కటీ చుక్క మీదకి తిప్పు. అన్నీ అయ్యాయా? ఉండు, నొక్కకు. నొక్కకు ఇంకా. ఈ చుట్ట పెరట్లో పారేసి, నోరు కడుక్కుని వస్తాను.