గాలిమరల వాళ్లకి ఒక ఫోను

ఓల్టేజీ పడిపోయి, పాపకి ఊపిరందించే మిషను ఆగిపోతుందేమోనన్నదే ఆ తల్లి భయం. ఆ భయంతోనే సబ్‌స్టేషన్ ఆపరేటరు గదికొచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"గాలి నా చేతిలో ఉందా అమ్మా? అది ఎగిసి పడినప్పుడల్లా గాలిమరల నుంచొచ్చే కరెంటు ఓల్టేజీ ఊగుతుంది."

"గాలి మీ చేతిలో లేదు, ఫోను ఉందిగా సార్! గాలిమరల వాళ్లు తలుచుకుంటే ఓల్టేజీని నిలబెట్టగలరని మొన్న మీరే అన్నారు."

"అడిగితే నిలబెడతారు. కానీ అడిగినప్పుడల్లా 'మళ్లీ నువ్వేనా' అని విసుక్కుంటారు."

"విసుక్కోనివ్వండి. మా అత్తగారు పొద్దున లేచింది మొదలు విసుక్కుంటారు, నేను బతకడం లేదా?"

ఆయనకి నవ్వొచ్చింది. "ఎవరు నేర్పారమ్మా నీకీ మాటలు?"

"ఏడో తరగతిలో బడి మాన్పించారు సార్. మొండితనం మాన్పించలేకపోయారు."

ఇంతలో ట్యూబులైటు మినుకుమంది. గోడమీది మీటరులో ముల్లు కిందికి జారింది. ఆమె గుమ్మంలోంచి కదల్లేదు.

"పడిపోతోంది. ఫోను చెయ్యండి!"

ఆయన ఫోను కలిపాడు. "లైన్లో ఉండమంటున్నారు. నువ్వు ఇంటికెళ్లు తల్లీ."

"వెళ్తే మీరు పెట్టేస్తారు. ఫోను ఇలా ఇవ్వండి, వాళ్లు సరేననేదాకా నేనుంటాను. వీధి చివర నీలం తలుపు మాదే. మా అత్తగారొక్కరే ఉన్నారు. మీరు వెళ్లి పాప ఎలా ఉందో చూసి రండి."