ఖర్బూజాకి జోల పాడిన ఖోల్మత్ ఉస్తాద్

కూచో, కూచో. తాళం పడిందిలే, మూడుసార్లు లాగావు, ఇక్కణ్ణుంచి చూస్తూనే ఉన్నా. నువ్వూ అచ్చం ఖోల్మత్ ఉస్తాద్‌లా తయారవుతున్నావురా అబ్బాయ్. ఎవరా? ఇప్పుడు నీ టోపీల కొట్టుందే, అక్కడే ఉయ్యాలలు చేసేవాడు. మల్బరీ చెక్కవి, నేల మీద ఊగేవి. ఆయన చెక్కేవాడు, నేను రంగులేసేవాణ్ణి, పూలూ దానిమ్మలూనూ. మన మర్గిలాన్‌లోనే కాదు, అటు కోకంద్ దాకా అలాంటి పనివాడు లేడు. చెయ్యి బంగారం. బుర్రలోనే ఏదో పురుగు తొలిచేది. "సాదిక్, కాలు వంకరగా లేదూ? సాదిక్, కీచుమనలేదూ?" నా ప్రాణం తోడేసేవాడనుకో. ఖాళీ ఉయ్యాల ఊపకూడదు కదా, పిల్లలకి మంచిది కాదు, అందుకని ఓ ఖర్బూజా పండుని పొత్తిగుడ్డల్లో చుట్టి, పడుకోబెట్టి, పూటంతా జోల పాడుతూ ఊపేవాడు. ఆయన భార్య, మా సారాఖాన్ వదిన, ఊరుకుంటుందా? "పాలు కూడా పట్టండి, ఏడుస్తుందేమో!" అనేది. అమ్మేశాకైనా వదుల్తాడా అంటే అదీ లేదు. పొద్దున్నే కొన్నవాళ్ళ గుమ్మంలో ప్రత్యక్షం, "ఊగుతోందా అమ్మా?" అంటూ. ఉయ్యాల కొంటే ఖోల్మత్ ఉచితం అని బజారంతా ఒకటే నవ్వు. నవ్వితే నవ్వారు, కొనడం కూడా మానేశారు. అదీ సంగతి. కొట్లో పదకొండు ఉయ్యాలలు మూలుగుతున్నాయి. నాకు పని లేదు. వదిన తెగేసి చెప్పింది, "చలికాలం దాకా ఇలాగే ఉంటే కొట్టు ఎత్తేస్తాను, మీ ఖర్బూజాలు ఇంట్లో ఊపుకోండి" అని.

ఇంతలో వాళ్ళ కూతురు జుమ్రద్‌కి మొదటి కాన్పు, మగపిల్లాడు. ఉయ్యాల పుట్టింటివాళ్ళే కదా తీసుకెళ్ళాలి! ఇంకేముంది, ఈయనకి తిండీ నిద్రా లేవు. ఉన్న పదకొండూ పనికిరావన్నాడు. పన్నెండోది మొదలెట్టాడు. వేడుక రోజు రానే వచ్చింది. బయట డప్పులు, రొట్టెల పళ్ళేలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు. ఈయనేమో లోపల ఇంకా కాలు గీకుతున్నాడు, "ఒక్క నిమిషం, ఒక్కటంటే ఒక్క నిమిషం." వదిన విసవిసా లోపలికెళ్ళి, ఆ పన్నెండోది కాదు, చేతికందిన పాతదొకటి లాగింది. అందులో ఉన్న ఖర్బూజా దొర్లుకుంటూ వీధిలోకి పోయింది. పోతే పోయింది, ఉయ్యాల నెత్తిన పెట్టుకుని "వాయించండిరా!" అంది. మహాతల్లి!

ఆడవాళ్ళ హడావిడి అయ్యాక మమ్మల్నీ లోపలికి పిలిచారు. పిల్లాణ్ణి పడుకోబెట్టి జుమ్రద్ ఊపుతోంది. వాడి కళ్ళు మూతలు పడుతున్నాయి. ఈయన మెల్లిగా జరుక్కుంటూ వెళ్ళి ఉయ్యాల కాలు పట్టుకున్నాడు, చూద్దామని. ఉయ్యాల ఆగింది, పిల్లాడు కెవ్వుమన్నాడు. ఆ పిల్ల కోప్పడలేదు పాపం. "నాన్నా, చెయ్యి తియ్యి. ఊగనీ" అంది. తీశాడు. ఊగింది. వాడు హాయిగా పడుకున్నాడు. ఈయన ఆ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఏడ్చేశాడురా, అంత మనిషీ! నాకూ ఆగలేదు, చెప్పుకోడానికి సిగ్గేముంది.

మర్నాడు కొట్టు తలుపులు బార్లా తీసి అన్నీ వీధిలోకి లాగాడు. కొన్నవాళ్ళ గుమ్మాలకి పోవడం మానేశాడు. చలికాలం రాకముందే మొత్తం అమ్ముడుపోయాయి. ఆ తర్వాత పదహారేళ్ళు నడిచిందా కొట్టు. నాకు రంగుల బ్రష్షు దించే తీరికుండేది కాదు. ఆఖరి రోజు పొద్దున కూడా ఒకటి అమ్మాడు. "ఇది కీచుమంటోందేం ఉస్తాద్?" అంది కొనుక్కునే ముసలామె. ఇప్పుడేం మొదలెడతాడో దేవుడా అని నేను బిక్కచచ్చిపోయి చూస్తున్నా. "అనదూ మరి, కొత్తది! మీ మనవడు దానికే పడుకుంటాడు లెండి" అన్నాడు, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ. మధ్యాహ్నం పలావు తిని, చెక్కపొట్టు మీదే నడుం వాల్చాడు. కొట్టు తెరిచే ఉంది. మేకొకటి వచ్చి బయట పెట్టిన ఉయ్యాల గుడ్డ నములుతోంది, "లే ఉస్తాద్, మేకని చూడు" అని నేనే వెళ్ళి భుజం తట్టాను. తట్టాను...

ఊఁ. ఎండ ఇటు తిరిగింది. నీ బల్ల కాస్త నీడలోకి లాక్కో.