ఈమెను నేనెరుగుదును

1990 మార్చి 12, సోమవారం నాడు పామర్రు శాఖలో గుమాస్తాగా విధుల్లో చేరిన శ్రీమతి జుజ్జవరపు హెప్సిబా గారు, పందొమ్మిదేళ్ళ నిర్విరామ సేవానంతరం, గత జూన్ ముప్పయ్యవ తేదీన విజయవాడ ప్రాంతీయ కార్యాలయంలో మేనేజరుగా పదవీ విరమణ చేశారు. మన బ్యాంకు ఉద్యోగే అయిన భర్త యేసుకుమార్ గారి అకాలమరణం తర్వాత, నలభయ్యో పడిలో, మిషన్ బడి పంతులమ్మ కొలువు వదిలి వచ్చిన ఆమెను చూసి, పాపం ఏదో జీతం కోసం కూర్చుంటుందిలే అనుకున్న పెద్దమనుషులు ఆనాడు కొందరుండేవారు. తర్వాతి కాలంలో వారి సెలవు చీటీలన్నీ మంజూరు చేసింది హెప్సిబా గారే.

పామర్రులో ఆమెకు అప్పగించినది వేలిముద్రల ఖాతాదారుల కౌంటరు. సంతకం రాని వారు డబ్బు తీసుకోవాలంటే, వారి వేలిముద్ర పక్కన బ్యాంకుకు తెలిసిన మరొకరు "ఈమెను నేనెరుగుదును" అని రాసి సంతకం చేయాలని నియమం. సాక్షి దొరకని వారికి హెప్సిబా గారే సాక్షి. అయితే ఊరికే రాసేవారు కాదు. ఏ ఊరు, ఎవరింటి కోడలు, గేదె ఈనిందా, పిల్లవాడి జ్వరం తగ్గిందా, ఇవన్నీ తెలుసుకుని, ముఖం నిదానంగా చూసి, అప్పుడు కలం తీసేవారు. వెనక వరుస పెరిగిపోతుంటే శాఖాధికారి రామకోటేశ్వరరావు గారు విసుక్కుని, ఇది బ్యాంకా, జనాభా లెక్కల ఆఫీసా అని చురక వేసేవారు. ఎరగనివారిని ఎరుగుదునని రాస్తే అది అబద్ధసాక్ష్యమనీ, బైబిలు పది ఆజ్ఞల్లో తొమ్మిదోది అది కూడదంటుందనీ ఆమె తల ఎత్తకుండానే జవాబిచ్చేవారు.

2001లో పదోన్నతిపై పటమట శాఖకూ, అక్కడి నుండి ప్రాంతీయ కార్యాలయానికీ వచ్చిన హెప్సిబా గారు, మాబోటి వాళ్ళం కంప్యూటరును చూసి బెదిరే రోజుల్లోనే దాని మెడలు వంచి పని చేయించుకున్నారు. మన కార్యాలయం గేటుకు, కార్డు ఆనిస్తే తెరుచుకునే యంత్రాన్ని పెట్టించినది ఆమే. పదవీకాలం ముగిసిన ఉద్యోగి కార్డు ఆ సాయంత్రమే చెల్లకుండా పోవాలని పట్టుబట్టినదీ ఆమే. ఒక్కరోజు ఆగితే ఏం మునిగిపోతుందని ఎవరో అడిగితే, నియమమంటే నియమమేనన్నారు. ఆ మాట గుర్తుంచుకోండి, దానితో తర్వాత పని ఉంది.

2007లో కొల్లేటి లంక గ్రామాలకు బ్యాంకును చేర్చే బృహత్కార్యం ఆమె భుజాన పడింది. ప్రతి ఖాతాదారుకూ ఫోటోతో ఒక కార్డు. మన ప్రతినిధి చేతిలోని ఫోనుకు దాన్ని ఆనిస్తే చాలు, ఫోను ఆ మనిషి ముఖం చూపి, పేరు పైకి చదువుతుంది. ఇక సాక్షి అక్కర్లేదు, ఎవరికి వారే సాక్షి అని ఆమె సంబరపడిపోయారు. చేపల బుట్టలతో లేచి చేపల బుట్టలతో పడుకునే మొదట వెళ్ళిన లంకలోని ఆడవారికి మాత్రం ఒకటే దిగులు పట్టుకుంది: పొద్దస్తమానం నీళ్ళలో ఉండేవాళ్ళం, రొండిన దోపుకుంటే కార్డు కొల్లేట్లో కలిసిపోదా? హెప్సిబా గారు సంచిలోంచి కాగితాలకు చిల్లులు పెట్టే పంచింగు మిషను తీసి, ఒక కార్డు అంచున టక్కున చిల్లు పొడిచి, వలదారం గుచ్చి, ఆ వాడ పెద్ద పెద్దింట్లమ్మ మెడలో వేశారు. చూస్తుండగానే అందరూ వరుస కట్టారు. ఈ ఘనకార్యాన్ని ఆమె హైదరాబాదు ప్రధాన కార్యాలయానికి సగర్వంగా నివేదించారు కూడా.

మరుసటి వారం ఆ ఊళ్ళో ఏ కార్డు ఆనించినా ఫోను నోరు మెదపలేదు. కార్డులిచ్చిన కంపెనీ ఇంజినీరు, ఇవి నకిలీ కార్డులనీ, జనం అసలువి ఎవరికో అమ్ముకున్నారనీ తేల్చాడు. ఊరి ఖాతాలన్నీ ఆపి పోలీసులకు అప్పగించాలని సిఫారసు చేశాడు. సమీక్షా సమావేశంలో అది ఖాయమయ్యేలోగా హెప్సిబా గారు లంకకు పరుగెత్తారు. పెద్దింట్లమ్మ ఆమెను కూర్చోమనలేదు.

"నేను నేను కాదంటందంటగా ఆ ఫోను. మరి నేనెవుర్నండీ అమ్మగారూ?" అంది.

హెప్సిబా గారు ప్రతినిధి ఫోను అందుకుని ఒక్కొక్కరి కార్డే ఆనించి చూడసాగారు. ఇంతలో, ఆ వారం డబ్బు కోసం రాని సంపూర్ణమ్మ అనే ముసలమ్మ తన కార్డు ఆనిస్తే ఫోను చక్కగా పేరు చదివింది. బొమ్మ ఉన్న దానికి బొక్క పెడితే అరిష్టమని ఆ రోజు ఆమె ఒక్కతే ఒప్పుకోలేదు. కార్డును వలదారంతో అల్లిన చిక్కంలో వేసుకుని మెడలో కట్టుకుంది. హెప్సిబా గారు పెద్దింట్లమ్మ కార్డు తీసుకుని ఎండకెత్తి చూశారు. అంచు చుట్టూ వెంట్రుకవాసి తీగ ఒకటి తిరుగుతోంది. ఫోనుతో మాట్లాడేది అదే. సరిగ్గా చిల్లు దగ్గర అది తెగి ఉంది.

సమావేశంలో ఆమె నీళ్ళు నమలలేదు. తెగిన కార్డులు బల్లమీద పోసి, "ఈ బొక్కలు పెట్టింది నేనండీ. వాళ్ళు దొంగలు కారు. రాయాల్సిందేమన్నా ఉంటే నా పేరు రాయండి" అన్నారు. పై అధికారులు ఒక హెచ్చరిక లేఖతో సరిపెట్టి, ఊరంతటికీ కొత్త కార్డులూ, మెడలో వేసుకునే సంచులూ మంజూరు చేశారు. ఇప్పుడు ప్రతి కార్డు వెనకా "రంధ్రం చేయరాదు" అని ఉంటుంది. కార్యాలయంలో మేం దాన్ని హెప్సిబా సూత్రం అంటాం, ఆవిడా నవ్వేస్తారు.

విరమణ మరునాడు, జూలై ఒకటిన, బీరువా తాళాలు అప్పగించడానికి వచ్చిన హెప్సిబా గారు గేటుకు కార్డు ఆనిస్తే ఎర్రదీపం వెలిగింది. ఆమె నియమం ఆమె మీదే పనిచేసింది. కాపలా కుర్రవాడు కొత్తవాడు. పేరు రావడం లేదనీ, తెలిసినవాళ్ళెవరితోనైనా చెప్పించమనీ మర్యాదగానే అన్నాడు. తప్పు పట్టడానికి వీల్లేక ఆవిడ ఎండలో నిలబడ్డారు. వీడ్కోలు సభ ఆ రోజే అనుకుని, తడిగుడ్డ కప్పిన కొర్రమీల బుట్టతో పెద్దింట్లమ్మ అప్పుడే ఆటో దిగింది. మెడలోని సంచి విప్పి కార్డు తీసి, ఖాతాదారులను పోల్చడానికి కాపలావాడికిచ్చిన ఫోనుకు ఆనించింది. ఫోను ఆమె పేరు ఖంగున చదివింది, కాపలావాడు గేటు తెరిచాడు. ఆమె లోపలికి కదల్లేదు.

"నా పేరు చెప్పిందిగా బాబూ, ఇంక నా మాట చెల్లుద్దిగా? ఈ అమ్మగారు నాకు తెలుసు. నేను సాచ్చికం" అంది.

ఆ గొంతు విని కిటికీల్లోంచి చూసిన మేమంతా కిందికి దిగేసరికి, ఇన్నేళ్ళలో మా ఎదుట ఏనాడూ కంటతడి పెట్టని హెప్సిబా గారు, ఆ తడిగుడ్డ అంచుతోనే కళ్ళు తుడుచుకుంటున్నారు.

శ్రీమతి హెప్సిబా గారు పటమటలో తమ కుమార్తె చెంతన, చల్లని సాయంత్రాలతో, చెక్కుచెదరని ఆరోగ్యంతో, నిండైన ఆయుష్షుతో వర్ధిల్లాలని ఆ సర్వేశ్వరుని ప్రార్థిస్తున్నాము. ఇకపై ఏ గేటు ముందు ఎర్రదీపం వెలిగినా ఆమె ఒంటరిగా నిలబడవలసిన పనిలేదు. ముఖం నిదానంగా చూసి, మనస్సాక్షిగా, మేమందరమూ కలిసి చేస్తున్న సంతకం ఇది: ఈమెను మేమెరుగుదుము.