తొమ్మిది సెకండ్ల తేడా

చోడవరంలో ఒక ఇల్లు. ఆదివారం, ఆరాధన ముగిశాక మధ్యాహ్నం. తండ్రి కృపారావు, కూతురు శాలోమి, చెరో ఫోను, రికార్డుకి మణి ఫోను. మంచం మీద మణి, కళ్ళు తెరిచే ఉంది.

"అలా కాదు నాన్నా, ముందు 'అందరికీ వందనాలు' అనాలి. అమ్మ ప్రతి వీడియో అలాగే మొదలెట్టేది."

"అన్నాను కదే."

"నమస్కారం అన్నావు."

"ఏదైతే ఏటి? అది తీసీ. మళ్ళీ సెప్తాను. ఆ ఫోను పడిపోదు కదా?"

"హల్వా డబ్బాకి ఆనించేను, పడదు. ఊఁ, చెప్పు."

"అందరికీ వందనాలు. నా పేరు కృపారావు. నేను మణి భర్తని. ఫ్యాక్టరీలో సెరుకు కాటా దగ్గర పంజేస్తాను. మణికి నాలుగు నెల్ల కిందట పక్షవాతం వచ్చింది. మాట పోయింది. అందుకే ఛానల్లో కొరియా పాటల మీద వీడియోలు రావట్లేదు. మణి ఆంటీ ఏదీ, మణి ఆంటీ ఏదీ అనీసి అడుగుతన్నారు. ఇక్కడే ఉన్నాది. అంతే."

"అంతే ఏంటి నాన్నా? వార్తలు చదివినట్టుంది."

"మరెలా సెప్పమంటావు? కెమేరా ముందు ఏడవమంటావా?"

"ఏడవమనలేదు."

"నాకు రాదే ఏడుపు. పోయిన వారం మా ఫ్యాక్టరీ హరిబాబు వచ్చి నన్ను పట్టుకొని భోరుమన్నాడు. నేను ఆడి ఈపు నిమిరి పంపించేను. లోపల ఏటీ నేదు. ఖాళీ లారీ కాటా ఎక్కినట్టు."

"నాకూ రావట్లేదు. గాజువాక హాస్టల్లో అందరూ అడుగుతారు, ఏడ్చీ, తేలికవుద్ది అని. కూర్చుంటాను ఏడుద్దామని. ఫోన్ చూసుకుంటాను."

"సరేలే. కానీ. మజ్జాన్నం మందు రెండింటికి."

"ఇంకా టైముంది. కొత్త పాట పేరు చెప్పు ముందు."

"నువ్వే సెప్పు, నాకు నోరు తిరగదు."

"నూరిబెల్ అనే గ్రూపు. పాట 'పేపర్ అంబ్రెల్లా'. అమ్మకి అన్నిట్లోకీ ఈ గ్రూపంటేనే ప్రాణం. అయిదుగురు అమ్మాయిలు."

"అయిదుగురికీ ఒకటే మొహం."

"అది రికార్డవుతోంది నాన్నా!"

"అవనీ. నిజమే కదా. ఒసే శాలోమీ, మాట గుర్తుంది కదా నీకు? ఇదే ఆఖరి వీడియో. సివర్లో నేను సెప్పేస్తాను, ఛానల్ మూసేస్తన్నాం అనీసి."

"ఇప్పుడెందుకది?"

"ఇప్పుడే ఎందుకంటే, నువ్వు తరవాత తప్పించుకుంటావు."

"స్పీచ్ డాక్టర్ గారు ఏమన్నారు? ఇష్టమైనవి ముందు పెట్టి మాట్లాడండి, మొదటి ఆరు నెలలే ముఖ్యం అన్నారు. అన్నారా, లేదా?"

"అన్నారు. నాలుగు అయిపోయేయి."

"రెండున్నాయి."

"మాటాడలేదా మనం? సంఘమంతా వచ్చి మంచం సుట్టూ నిలబడి కీర్తనలు పాడేరు. తను ఇరవై ఏళ్ళు ఎనక వరసలో నిలబడి పాడిన కీర్తనలు. కన్ను ఆర్పలేదు. దేవుడి పాటకి పలకని మనిషి కొరియా పాటకి పలుకుతదా?"

"మరెందుకు కూర్చున్నావు నాతో?"

"నువ్వడిగేవు, కూర్చున్నాను. ఛానల్ సూసే రెండువేల మందికి ఆశ పెట్టి ఉంచకూడదు. నాకూ పెట్టకు."

"సరే. అమ్మ పద్ధతి ప్రకారం చేద్దాం. మూడుసార్లు చూడాలి. మొదటిసారి కళ్ళు మూసుకొని, పాట ఒక్కటే. రెండోసారి సౌండ్ తీసేసి, బొమ్మ ఒక్కటే. మూడోసారి రెండూ. కళ్ళు మూసుకో."

"మూసుకున్నాను. ఎయ్యి."

"ఇదిగో, వేసేను. విను."

"ఇదేటి, మజ్జిలో ఎవులో తిడతన్నారు?"

"రాప్ నాన్నా. తిట్టు కాదు."

"గబగబా ఎందుకలా? తరుముతన్నారా ఎవులైనా? ఆగు ఆగు. ఎనక్కి తిప్పు. ఊఁ, అక్కడే. ఇన్నావా?"

"ఏంటి?"

"పెద్ద గొంతు కింద నుంచి ఇంకో గొంతు. సన్నగా. పక్క స్వరం. మీ అమ్మ కోయిర్లో పాడేది సూడు, అలాగ."

"కంప్యూటర్లో కలిపి ఉంటారు. అందరివీ."

"ఏమో. కొద్దిసేపే ఉన్నాది, పోయింది. బావుంది మటుకు. మిగతాది గోల."

"అదే చెప్పాలి కెమేరాకి. బావుందని."

"బావుంది. ఆ సన్న గొంతు బావుంది. అందరికీ వందనాలు."

"వందనాలు మళ్ళీ ఎందుకు నాన్నా? సరే, ఇప్పుడు బొమ్మ. సౌండ్ తీసేసేను."

"వానలో ఆడుతన్నారు. ఒక్కర్తికీ జుత్తు తడవలేదు సూడు."

"అది గ్రాఫిక్స్."

"ఈ గడ్డి సూడు, మనిషంత ఎత్తున్నాది. ముందు సెరుకనుకున్నాను. రెల్లు. గాలి అటునుంచి వస్తంటే గొడుగు ఇటు ఎగరాల కదా? అటే పోయింది. ఫ్యానులు పెట్టేరు. పొలం మొహం ఎరగనోలు తీసేరు."

"నువ్వు మార్కులు తీసేస్తావా ఫ్యాన్లకి?"

"ఒకటి తీసెయ్. ఆ ఎనక నల్లబట్టల్లో ఉన్నోలంతా ఎవులు?"

"డాన్సర్లు. కూలికొచ్చినోళ్ళు."

"ఓహో. ఎర్రజుత్తు గుంట బాగా తిరుగుతంది. బొంగరం. అది గ్రూపుకి లీడరా?"

"ఏమో నాన్నా. ప్రతి పాటకీ జుత్తు రంగు మార్చేస్తారు. అమ్మైతే చెవులు చూసి చెప్పేసేది ఎవరు ఎవరో."

"సెవులు సూసా?"

"చెవులకి రంగు వెయ్యరు కదా అనేది."

"నవ్వేవా నువ్విప్పుడు?"

"లేదు. తెలీదు. అమ్మ కూడా చూస్తోంది కదా నాన్నా? ఫోను వైపే ఉన్నాయి కళ్ళు."

"నిన్న గోడ వైపు ఉన్నాయి. పొద్దుట తలుపు వైపు. దిండు ఎటుంటే అటు. ఆశ పెట్టకన్నాను కదా."

"సరే. మూడోసారి, లెక్క. ఇదే అసలైంది. ఏ అమ్మాయికి ఎన్ని సెకండ్లు పాట వచ్చిందో స్టాప్‌వాచ్ పెట్టి అమ్మ రాసేది. తక్కువొచ్చిన అమ్మాయి కోసం వీడియో చివర్లో ప్రార్థన చేసేది."

"తెలుసు. పాస్టర్ గారు ఓసారి పిలిచి అడిగేరు కూడా, ఏటమ్మా ఇది, ఎక్కడో కొరియా గుంటలకి మనం ప్రార్థన ఏటి అనీసి."

"అమ్మేమంది?"

"వాళ్ళమ్మ ఎంత దూరానుంచి సూస్తందో అండీ అంది. ఆయన మరేటీ అన్లేదు. కానీ, లెక్క కానీ. లెక్కంటే నాకొచ్చు."

"మొత్తం పాట మూడు నిమిషాల ఎనిమిది సెకండ్లు."

"నూట ఎనభై ఎనిమిది. మాట లేకుండా వట్టి మ్యూజిక్కు?"

"ముప్ఫై ఒకటి."

"రాసేను. ఎర్రజుత్తు?"

"నలభై ఎనిమిది."

"నీలంజుత్తు?"

"నలభై ఒకటి. రాప్ అంతా ఈ అమ్మాయిదే."

"తిట్టేది ఇదేనా? సర్లే. పొట్టిది?"

"ముప్ఫై మూడు. నాన్నా, నీ ఫోన్ మోగుతోంది."

"ఎవులు? అచ్చియ్యమ్మ. ఆఁ సెప్పప్పా. ఆఁ. అలాగే ఉన్నాది. నేదు. నేదు, ఏటీ అన్లేదు. తింటంది, జావ తింటంది. సైగ కూడా నేదప్పా. ఆఁ, శాలోమి వచ్చింది. సాయంత్రం బస్సుకి ఎల్లిపోద్ది. ఏటి సేస్తన్నామా? ఏటీ సెయ్యట్లేదు, కూకున్నాం. ఆఁ. ప్రార్థనలో పెట్టు. ఉంటాను."

"ఏమంటోంది అత్తమ్మ?"

"అందరూ అనేదే. ఎక్కడున్నాం?"

"కళ్ళజోడు అమ్మాయి ఒక్కర్తి మిగిలింది. ఇరవై ఆరు."

"ఇరవై ఆరు. కూడతాను ఉండు. నలభై ఎనిమిది, నలభై ఒకటి, ముప్ఫై మూడు, ఇరవై ఆరు. నూట నలభై ఎనిమిది. మ్యూజిక్కు ముప్ఫై ఒకటి. నూట డెబ్భై తొమ్మిది. తొమ్మిది తక్కువొస్తంది."

"దేంట్లో?"

"లెక్కలో. పాట నూట ఎనభై ఎనిమిది. తొమ్మిది సెకండ్లు ఎక్కడికి పోయేయి?"

"నేను బటన్ నొక్కడం అటూ ఇటూ అయ్యుంటుంది. వదిలెయ్."

"కాటా మీద తొమ్మిది కేజీలు తేడా వస్తే రైతు ఊరుకుంటాడా?"

"ఇది చెరుకు కాదు నాన్నా."

"తేడా తేడాయే. మీ అమ్మైతే మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకునేది."

"అమ్మ చూసేది కాబట్టి. నాకు ఓపిక లేదు. వదిలెయ్ నాన్నా, ప్లీజ్."

"సర్లే. వదిలేసేను. మార్కులు?"

"నువ్వు చెప్పు."

"తొమ్మిది. ఫ్యాన్లకి ఒకటి పోయింది."

"తొమ్మిదా? అమ్మ ఎప్పుడూ ఎనిమిది దాటలేదు."

"నాకేటి తెలుసు? ఎప్పుడైనా సూస్తే కదా?"

"ఒక్కసారి కూడా చూడలేదా?"

"మందు టైమైందా?"

"ఇంకా ఇరవై నిమిషాలుంది. నాన్నా, అడిగేను. ఒక్కసారి కూడా?"

"నీళ్ళు పట్రా ఓ గ్లాసు."

"నీ పక్కనే ఉన్నాయి. ఆ రోజు అమ్మ నీతో ఏమంది? పడిపోకముందు? నాలుగు నెలల్నుంచీ అడుగుతున్నాను."

"ఏటీ అన్లేదు."

"ఏదో అనే ఉంటుంది."

"ఏటంటాది? అన్నం పెట్టమంటావా అంది."

"అంతేనా?"

"అంతే."

"నాన్నా."

"సెప్పేను కదే, అంతే అని! సెరుకు సీజను కదా, డబల్ డ్యూటీ సేసి వచ్చేను. కాళ్ళు లాగేస్తన్నాయి. అన్నం తింటన్నాను. ఫోను పట్టుకొచ్చి నా కంచం పక్కన పెట్టింది. 'ఏవండీ, ఒక్కసారి ఈ ఎనక వరసలో గుంటని సూడండి, ఎంత బాగా పాడతందో, దీన్ని ఎవులూ సూపించరు' అంది. నీ కొరియా గోల నువ్వూ, నన్ను తిననీ అన్నాను."

"తరవాత?"

"తరవాతేటి? ఫోను తీసుకొని వంటింట్లోకి ఎల్లింది. గ్లాసు పడ్డ సప్పుడయ్యింది. అప్పుడూ నేను లేవలేదు ఎంటనే. గ్లాసే కదా అనుకున్నాను. రెండు ముద్దలు తిన్నాను ఇంకా. అడిగేవు కదా. సెప్పేను. ఇప్పుడైనా ఏడుపొస్తదేమో అనుకున్నాను. రాలేదు సూడు."

"ఇది కట్ చేసేస్తాను వీడియోలోంచి."

"సెయ్యి. ఉంచినా నాకేటి. కానీ, మిగిలింది ప్రార్థనే కదా. నువ్వు సెయ్యి."

"నువ్వే చెయ్యాలి. మొదలెట్టింది నువ్వు."

"నాకు రావట్లేదే."

"పొద్దున్న మందిరంలో చేసేవు కదా?"

"పెదాలాడించేను. మణి కోసం అడిగీ అడిగీ మొద్దుబారిపోయింది. మోకాళ్ళేస్తాను, మాట రాదు. నాకూ పోయిందేమో మాట అనిపిస్తది."

"అమ్మ కోసం వద్దు. ఆ కళ్ళజోడు అమ్మాయి కోసం చెయ్యి. అందరికంటే తక్కువ, ఇరవై ఆరు సెకండ్లు."

"దాని పేరేటి?"

"తెలీదు. చూసి చెప్పనా?"

"ఒద్దులే. కళ్ళు మూసుకో. ప్రభువా. కొరియా దేశంలో ఒక గుంట ఉన్నాది. కళ్ళజోడు పెట్టుకుంటాది. పేరు నాకు తెలీదు, నీకు తెలుసు. దానికి పాటలో తక్కువొచ్చింది. ముందు వరసకి తేవాలా వద్దా అన్నది నీ ఇష్టం, నేనడగను. దాని గొంతు దానికి ఉంచు, అంతే. ఆమెన్ అనీవచ్చు ఇక్కడ. ఇంకోటి ప్రభువా. ఎవులైనా ఇంటో మనిషి ఇది సూడు అంటే సూసే బుద్ధి ఇయ్యి. నేను సూడలేదు. ఇప్పుడు సూస్తాను. ఎన్నిసార్లైనా సూస్తాను. తిట్టినా పర్లేదు, ఆ రాప్ గుంట తిట్టినట్టు తిట్టినా పర్లేదు, ఒక్క మాట..."

"నాన్నా."

"ప్రార్థన మజ్జిలో పిలవకు. ఒక్క మాట..."

"నాన్నా, కళ్ళు తెరువు. అమ్మని చూడు."

"ఏటే?"

"పెదాలు. పెదాలు కదుపుతోంది. అమ్మా! నాన్నా, నీకేసే చూస్తోంది, దగ్గరికెళ్ళు!"

"మణీ? ఏటి మణీ? నీళ్ళా? సెప్పు. నిదానంగా సెప్పు. ఇంటన్నాను మణీ, ఇక్కడే ఉన్నాను, ఇంటన్నాను."

"అయిదో... గుంటేదీ?"